వెనక మనిషి మాట

మా నడక గుంపుకు నేత ఎవరూ లేరు, ఉన్నవాళ్ళందరూ నేతగాళ్ళే. ఈ మాట నేనే కనిపెట్టి చాలా రోజులు చాలామంది దగ్గర వాడుకున్నాను. మొదటిసారి నవ్వారు, రెండోసారి తల ఊపారు, మూడోసారి మా పెద్దమామ, "తమ్మీ, ఈ గుడ్డ శానసార్లు ఉతికినవ్, రంగు పోయింది," అన్నాడు.

పందొమ్మిదివందల యాభైల్లో సోలాపూర్‌లో మా తెలుగు నేతగాళ్ళ పేట మనిషికి కాళ్ళు ఉండేవి గాని నడక ఉండేది కాదు. పొద్దున గుంట మగ్గంలో కాళ్ళు దింపితే మాపటికి పైకి తీసేది. కాళ్ళకు పని లేదని కాదు. కింద తొక్కుడు కర్రల మీద దినమంతా నడుస్తూనే ఉండేవి, ఎక్కడికీ పోకుండా. పైన ముక్కులోకి నూలు దుమ్ము. నలభై దాటిన మగవాడు రెండు మాటల మధ్య ఒకసారి దగ్గకపోతే ఊరినుంచి కొత్తగా వచ్చాడని అర్థం.

దవాఖానలో కాంపౌండర్ ఒకాయన ఉండేవాడు. మందు సగం, గాలి సగం, పొద్దు పొడవకముందే ఊరు దాటి నడవండి అని అందరికీ చెప్పేవాడు. తాను మాత్రం రాలేదు, పాపం ఆయన నిద్ర ఆయనకు ఉంది. ఆ మాట నమ్మి మా గల్లీ మనిషి ఒకడు ఒంటరిగా వెళ్ళి, కళ్ళు తిరిగి జొన్నచేలో పడి, మధ్యాహ్నం దాకా ఎవరికీ దొరకలేదు. ఒక్కడు పోవద్దు, పోతే అందరం పోదాం అని ఆ సాయంత్రమే అనుకున్నాం. గుంపు అట్లా పుట్టింది. చందా లేదు, రిజిస్టర్ లేదు, బోర్డు లేదు. పన్నెండు మందిమి.

పద్ధతులు మాత్రం ఉండేవి. చీకటి విడవకముందే గల్లీ ఈ చివరినుంచి ఆ చివరికి పోతూ ఒక్కో తలుపు గొలుసు రెండుసార్లు కొట్టేది. రాగలిగినవాడు వస్తాడు. రాలేనివాడు లోపలినుంచి దగ్గాలి. దగ్గు వినపడేదాకా గుంపు కదలదు. దారిలో సేటు ఇచ్చే కూలి ధర గురించి మాట్లాడొద్దని ఇంకొక నియమం. దాన్ని రోజూ ఊరి చివరి సుంకపు నాకా చేరకముందే తప్పేవాళ్ళం. అందరిలోకి మెల్లగా నడిచేవాణ్ణి ముందు మనిషి వెనకే నిలబెట్టేవాళ్ళం. వాడి ఆయాసం ముందు మనిషి చెవిలో పడుతుంది, అడుగు దానంతట అదే తగ్గుతుంది. తన కోసమే పదకొండు మంది మెల్లగా నడుస్తున్నారని ఆ నడిచేవాడికి తెలియదు. తెలిసినా తెలియనట్టే ఉంటాడు.

ముందు మనిషి పెద్దమామ, గల్లీలో పెద్ద వయసువాడు. వెనక మనిషిని నేను. ఎందుకు నేనంటే, నేతలో అందరికన్నా వెనక ఉన్నవాణ్ణి కనుక. నా చద్దరు ఒక అంచు ఇంటికి పోదామంటే ఇంకో అంచు బజారుకు పోదామనేది. వెనక మనిషికి ఒక్కటే పని: తన వెనక ఎవ్వరూ ఉండకూడదు. ఎవడైనా పక్కకు ఆగితే తానూ ఆగాలి, వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేయాలి, ముందువాళ్ళు నిలబడాలి. ఇంకొకటి, తిరుగుదారిలో ఎటు పోవాలన్నది వెనక మనిషి మాట. "ముందటోనికి తొవ్వ కనవడ్తది, ఎనకటోనికి మనుషులు కనవడ్తరు. అలిసినంక మనుషులను సూసెటోడే చెప్పాలె," అనేవాడు పెద్దమామ. ఆ నియమం పెట్టినప్పుడు నాకు గొప్పగానే అనిపించింది. జీవితంలో నా మాట చెల్లిన చోటు అదొక్కటే.

పెద్దమామ వెనక నడిచేవాడు మా బావ. వరసకు బావ, కార్ఖానాలో నా పక్క మగ్గం. నా పోగులు తెగితే, సేటు మనిషి చూడకముందు, గుంటలోంచి వంగి ముడి వేసి మళ్ళీ తన పనిలో పడేవాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. వేరే సంగతులు మాత్రం బాగా ఎత్తేవాడు. ఒకరోజు కొత్తగా ఎర్ర దస్తీ తెచ్చుకున్నాడు.

"ఎర్రది కొన్నవేంది బావా, తెల్లది దొరకలేదా?"

"తెల్లది నువ్వు నేసిందంట. ముక్కు తుడుసుకుంటే ఎటు వంకరవోతదో అని భయమైంది."

నవ్వాను. అది ఎందుకు ఎర్రదో నాకు తెలియడానికి ఇంకో నెల పట్టింది. జొన్నచేల గట్టు మీద కూర్చుని లోటాలో నీళ్ళు తాగుతుంటే దస్తీ మడతలో నెత్తురు చూశాను. "అక్కకు చెప్పకు," అన్నాడు. అక్క అంటే ఆయన భార్య. చెప్పలేదు. కాంపౌండర్‌కు చెప్పాను. ఆయన నన్ను బయటికి తీసుకుపోయి, "చుక్కలు పడ్తె మందు. నోటినిండ వస్తె మాత్రం పండవెట్టకు, కూసోవెట్టి ఎత్తుకొని తే. ఒక సూది ఉంటది. జల్ది తేవాలె," అన్నాడు. ఆనాటినుంచి నేను వెనకనుంచి చూసింది పదకొండు మందిని కాదు, ఒక్క బావ వీపునే.

అది చలికాలం. తిరిగి వస్తున్నాం. కుమఠా నాకా దాటి గల్లీల మొగదలకు వచ్చేసరికి బావ నిలబడ్డాడు. ఈల వేసే పని లేకుండానే అందరూ ఆగారు. దస్తీ నోటికి పెట్టుకున్నాడు, దస్తీ చాలలేదు. కాంపౌండర్ చెప్పింది గుర్తుంది. ఒకరి భుజం మీది చద్దరు పరిచి, బావను అందులో కూర్చోబెట్టి, అటు ఇద్దరు ఇటు ఇద్దరు ఎత్తారు. దవాఖాన తీసే వేళే. గల్లీలోంచి పోతే మా ఇళ్ళు దాటి అదిగో అన్నంత దూరం. బయటి రోడ్డు మీద పోతే దానికి మూడింతలు.

"గల్లీలకెల్లి," అన్నాను.

గల్లీ మలుపు తిరిగితే ఎదురుగా పడుగు.

మా దగ్గర పడుగుకు గంజి పెట్టేది వీధిలోనే, ఎండ ఎక్కకముందే. గల్లీ ఈ మొననుంచి ఆ మొనదాకా నిలువు పోగులన్నీ బిగించి కట్టి, నడుమెత్తున వెదురు కర్రల మీద నిలబెట్టి, గంజి పూసి, రెండు వైపులా మనుషులు పెద్ద కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ తిరగాలి. ఆరేదాకా చేయి ఆపకూడదు. ఆపితే పోగు పోగూ అతుక్కుని అప్పడంలా బిగుస్తుంది, ఇక మగ్గమెక్కదు. ఆ రోజు పడుగు మా గల్లీ చిన్నమ్మది. భర్త లేని మనిషి, ఇద్దరు ఎదిగిన కొడుకులు, ఒక కోడలు. నలుగురూ దువ్వుతున్నారు. అప్పుడే పూసిన గంజి, పోగులమీంచి ఆవిరి వస్తున్నది. పడుగుకూ గోడకూ మధ్య ఒక్క మనిషి వీపు ఆనించి అడ్డంగా జరిగే సందు. నలుగురు మోసే చద్దరు అందులో పట్టదు. కిందినుంచి దూరుదామంటే అడుగడుగునా వెదురు కర్రలు, విప్పి దించే వ్యవధి లేదు.

చిన్నమ్మ బావ ముఖం చూసింది. కుంచె ఆగిపోయింది.

"కొయ్యుండ్రి," అంది.

ఎవరూ కదలలేదు.

"ఏం సూస్తున్రురా? కత్తెర లేదా ఒక్కనింట్ల? కొయ్యుండ్రి అంటున్న!"

రెండు వైపులా నేతగాళ్ళ ఇళ్ళు. కత్తెర లేని గడప ఆ గల్లీలో లేదు. చద్దరు మోస్తున్న నలుగురు, మేము మిగతావాళ్ళం, ఆమె ఇద్దరు కొడుకులు. అన్నీ పోగు తెగితే ముడివేయడం నేర్చిన చేతులు. గుడ్డ పూర్తయి మగ్గం దింపేటప్పుడు కూడా చేతులు జోడించి గాని కత్తెర పెట్టం. మగ్గమెక్కని పడుగు మీద కత్తెర పెట్టడమా? చిన్నపిల్లలు కూడా దాన్ని దాటరు. నా పక్కవాడి చేయి జేబు దాకా పోయి అక్కడే ఉండిపోవడం చూశాను. నా చేయి అంత దూరం కూడా పోలేదు.

బావ నా అంగీ పట్టుకుని తల అటూ ఇటూ ఊపాడు. వద్దన్నాడని అప్పుడు అనుకున్నాను. ఊపిరి కోసం కొట్టుకున్నాడేమోనని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

పెద్దమామ నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పాలె."

"సుట్టు తిరిగి పోదాం," అన్నాను.

పన్నెండేళ్ళు మగ్గం మీద కూర్చుని కూడా నేతగాణ్ణి కాలేకపోయినవాణ్ణి. అయ్యానని ఆ ఒక్క మాటతో రుజువు చేసుకున్నాను.

చిన్నమ్మ కుంచె కింద పడేసి మాతో ఉరికింది. కొడుకులిద్దరూ వచ్చి చద్దరు మూలలు మార్చుకున్నారు. కోడలు కూడా నీళ్ళ చెంబుతో వెనకే. బయటి రోడ్డు మీద ఒక టాంగా ఎదురైంది. టాంగావాడు చద్దరు రంగు చూసి గుర్రాన్ని అదిలించి వెళ్ళిపోయాడు. తప్పుపట్టలేను, తన బండి తనకు. ఉరికాం. నాలుగు రోడ్లు కలిసే చోట చద్దరు ఒక్కసారిగా బరువెక్కింది. చిన్నమ్మ పెద్దకొడుకు పట్టు మార్చుకున్నాడు. దవాఖానలో దించేదాకా ఆ మాట ఎవరూ అనలేదు.

డాక్టర్ చూసి చద్దరు అంచు ముఖం మీదికి లాగాడు. చేతులు కడుక్కుంటుంటే అడిగాను, ఒక పావుగంట ముందు తెస్తే ఏమయ్యేదని. చెప్పలేం అని మరాఠీలో అన్నాడు. తుడుచుకుని, నన్నొకసారి చూసి, అదే మాట హిందీలో కూడా అన్నాడు, నాకు భాష రాలేదనుకున్నట్టుంది.

మధ్యాహ్నం గల్లీకి వచ్చేసరికి పడుగు ఎండలో బిగుసుకుపోయి ఉంది. దువ్వే నలుగురూ మాతోనే వచ్చారు కదా. చిన్నమ్మ కొడుకు వేళ్ళతో విప్పబోయాడు, పోగులు పుల్లల్లా విరిగాయి. సాయంత్రం దాన్ని ముక్కలుగా కోసి పొయ్యి పక్కన కుప్ప పోశారు. అప్పుడు ఎవరి చేయీ ఆగలేదు.

పన్నెండో దినం పోయాక గుంపు మళ్ళీ నడిచింది. వెనక నేను ఉండనన్నాను. "మరి ఎవలుంటరు?" అన్నాడు పెద్దమామ. ఎవరూ ముందుకు రాలేదు, అంటే వెనక్కు రాలేదు. నేనే ఉన్నాను.

ఒక పొద్దున నడక నుంచి వస్తుంటే, బావ పోయినప్పటినుంచి గడప దాటని అక్క ఆ గడప మీద కూర్చుని పిలిచింది. బీడీలు చుట్టే పని మొదలుపెట్టింది, ముందర ఆకుల చాట.

"ఆనాడు ఏ తొవ్వల తీస్కపోయిన్రు?"

చెప్పాను. గల్లీ, పడుగు, చిన్నమ్మ కొయ్యమనడం, నేను వద్దనడం, అన్నీ. తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా నిలబడ్డాను. ఆమె ఆకు అంచు కత్తిరించింది.

"మంచిగ చేసినవ్ తమ్మీ," అంది. "నలుగురి నోటికాడి కూడు. కోసి పోతె ఆయన ఒప్పుకోకపోతుండె." ఇంకో ఆకు తీసుకుంది. "పడుగు మంచిగున్నదా మరి?"

"మంచిగున్నదక్కా," అన్నాను. "మగ్గమెక్కింది."