లేపినవాళ్లదే బండి

మా ఆవిడ నా భుజం దాకా వస్తుంది. నేనే పొట్టివాణ్ణి, ఇక మీరే ఊహించుకోండి. అలాంటి మనిషి, ఐదుగురు మగాళ్లంత బరువుండే మోటార్ సైకిల్ తనకి కావాలని పట్టుబట్టి కూర్చుంది.

నాది సెలూన్. రోజంతా కత్తెర పట్టుకుని ఒకే గదిలో నిలబడే ఉద్యోగం. ఆవిడది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. ఆస్పత్రులన్నీ తిరిగి, రక్తం సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని, బండి మీద ల్యాబుకి చేర్చాలి. పెళ్లైన కొత్తలో "బండి నడపడం వచ్చా?" అని ల్యాబువాళ్లడిగితే "ఓ, బ్రహ్మాండంగా!" అందట. అప్పటికి సైకిలే సరిగ్గా రాదు మహాతల్లికి! ఆదివారం మా బావమరిది బండి లాక్కుని, మైదానంలో మోకాళ్లు రెండూ చెక్కుకుపోయేలా పడి లేచి, మర్నాడు ఉద్యోగంలో చేరింది. అంతే, జుట్టు నెరిసేదాకా బండి దిగలేదు.

పోనీ, సెలవు రోజైనా ఇంటి పట్టున ఉంటుందా? ఉండదు. దూరాలు పోయే బళ్లవాళ్ల గుంపొకటి ఉంది మా ఊళ్లో. ఆ గుంపుతో కొండలకీ సముద్రం ఒడ్డుకీ పోయేది. అందరికంటే చిన్న బండి ఈవిడదే, అందరికంటే ఆఖరున చేరేదీ ఈవిడే. చేరాక చేతులు మొద్దుబారి, హెల్మెట్ పట్టీ కూడా పక్కవాళ్లే విప్పాలి. నేను మాత్రం "నీకిదేం పిచ్చే!" అని తిట్టడమూ, వేణ్ణీళ్లు కాచివ్వడమూ.

ఆ గుంపుకి పెద్ద, ఒకప్పుడు ఓడల్లో ఇంజన్లు చూసిన మనిషి. అందరూ పెద్దాయన అంటారు, మా ఆవిడ బాబాయ్ అంటుంది. ఆయన బండి మొదటిసారి నా షాపు ముందు ఆగినప్పుడు నా చేతిలో కత్తి ఆగిపోయింది. కుర్చీలో ఉన్నాయన సగం గీసిన గడ్డంతో లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బండా అది! చక్రాల మీద నడిచే ఇల్లు. సోఫాల్లాంటి రెండు సీట్లు, వెనక కూర్చునేవాళ్లకి వీపు ఆన్చుకోవడానికీ చేతులు పెట్టుకోవడానికీ దిళ్లు, మూడు పెట్టెలు, ముందు గాలి కొట్టకుండా మీట నొక్కితే పైకి లేచే గాజు పలక, చలికి వెచ్చబడే హ్యాండిల్, ఆరు సిలిండర్లు. వెనక్కి కూడా పోతుంది మహానుభావా! పెద్దాయన ఇంజను ఆన్ చేసి, నా షాపులో గాజుగ్లాసుతో నీళ్లు తెప్పించి సీటు మీద పెట్టాడు. నీళ్లు కదల్లేదు. నేను వంగి, ముక్కు గ్లాసుకి ఆనించినంత దగ్గరగా చూశాను. అబ్బే, కదిలితే ఒట్టు.

కుర్రాళ్లు ఆ బండిని చూడగానే "ఎంత స్పీడు పోతుంది?" అంటారు. ఏళ్ల తరబడి దారులు తిన్న ముదుర్లు ఆ మాటే ఎత్తరు. సీటు మీద అరచెయ్యి వేసి నొక్కి, "సాయంత్రం దిగాక నడుమెలా ఉంటుంది?" అంటారు. మా ఆవిడా అదే అడిగింది.

"పొద్దున ఎక్కినప్పుడు ఎలా ఉందో అలాగే" అన్నాడాయన.

ఆవిడ ఆ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది. కొత్త చీర చూసినా ఆ మొహంలో అంత వెలుగు నేనెరగను.

తర్వాత కొన్నాళ్లకి ఆవిడ మణికట్లు దెబ్బతిన్నాయి. డాక్టరు చూసి, "నరాలు నలిగాయమ్మా. ఇంకెప్పుడైనా అదిరే బండి ఎక్కావో, చెంచా కూడా పట్టుకోలేవు" అన్నాడు. ల్యాబువాళ్లు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో నోరు మూతపడని మనిషి మూగబోయింది. పళ్లెంలో కలిపింది కలిపినట్టే వదిలేసేది. నాకు భయమేసింది, నిజం.

అప్పుడే పెద్దాయన కబురు పెట్టాడు. ఆ గుంపులో ఒక కట్టుబాటు ఉంది. పడ్డ బండిని ఎవరిది వాళ్లే లేపుకోవాలి. నరమానవుడు లేని దారిలో పడితే ఎవరొస్తారు? లేపలేని రోజున ఆ బండి నీది కాదు. పెద్దాయన మోకాళ్లు అరిగిపోయాయి. తన బండి తానే పడుకోబెట్టి లేపబోయాడట, లేవలేదట. వాదించలేదు, వాయిదా వెయ్యలేదు. "నేను గ్లాసు టీ తాగేలోపు ఎవరు లేపితే వాళ్లదే బండి. ఎవరూ లేపకపోతే హోటల్‌వాళ్లు పట్టుకుపోతారు. గుమ్మం దగ్గర అలంకారానికి పెట్టుకుంటారట" అన్నాడు.

ఆ మాట విని మా ఆవిడ నన్ను చూసింది. "ఏవండీ, అదరని బండి నాకు తెలిసి అదొక్కటే. అది గుమ్మంలో నిలబడిపోతే నేనూ నిలబడిపోయినట్టే."

"చేతులకి కట్లు కట్టుకుని నువ్వు దాన్ని లేపుతావా? మతుండే మాట్లాడుతున్నావా!" అన్నాను. నా మాట వింటే గదా.

పెద్దాయన షెడ్డులో గచ్చు మీద పాత తివాచీ పరిచి బండిని కుడివైపుకి పడుకోబెట్టారు. జారకుండా గేర్లో ఉంచారు, అవతలి వైపు స్టాండు ముందే తీసి పెట్టారు. ఇంజను పక్కన కాపుగా ఇనప కడ్డీ ఉంటుంది కాబట్టి పూర్తిగా పడిపోలేదు, సగం వాలి ఆగింది. అలా పడుకుని కూడా దాని దర్జా దానిదే. పెద్దాయన కుర్చీలో కూర్చుని టీ గ్లాసు అందుకున్నాడు.

ముందు గుంపులోని టైర్ల షాపతను దిగాడు. ఎద్దులాంటి మనిషి. హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బండి జానెడు లేచింది, అతను "అమ్మో నడుం!" అని కూలబడ్డాడు. తర్వాత ఎవరూ ముందుకి రాలేదు. మా ఆవిడ వెళ్లింది.

వెళ్లి ఏం చేసిందనుకున్నారు? అదే తప్పు. చిన్న బండిని లేపిన అలవాటు ఎక్కడికి పోతుంది! రెండు చేతులా హ్యాండిల్ పట్టి పైకి లాగింది. మణికట్టు కలుక్కుమన్నట్టుంది, మొహం తెల్లగా పాలిపోయింది. నా చేతులు వాటంతటవే ముందుకి పోయాయి. "ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని అరిచింది. అంతమందిలో నా మీదెప్పుడూ అలా అరవలేదు. కుక్కిన పేనులా వెనక్కొచ్చాను.

ఆవిడ అక్కడే నిలబడి బండిని చూస్తోంది. నేను పెద్దాయన గ్లాసు వైపు చూశాను. ఖాళీ! అడుగున నురగ కూడా ఎండిపోయింది. ఆయన మాత్రం ఖాళీ గ్లాసు పెదాలకి ఆనించి, ఊదుకుంటూ, చప్పరిస్తూ తాగుతూనే ఉన్నాడు. ఆ ఖాళీ గ్లాసు షెడ్డులో అందరికీ కనపడింది. ఒక్కడు నోరెత్తలేదు.

మా ఆవిడ ఉన్నట్టుండి బండికి వీపు చూపించింది. ల్యాబులో పెద్ద ఫ్రిజ్ జరపాల్సొస్తే అలాగే చేసేదట, వీపు ఆనించి కాళ్లతో తొయ్యడం. గొంతుక్కూర్చున్నట్టు కూర్చుని, నడుం సీటుకి ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ మీదా ఇంకోటి వెనక కడ్డీ మీదా ఊరికే తగిలించింది. బలమంతా పాదాల్లో ఉంది. ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తోంది, బెత్తెడు బెత్తెడు. మెడ మీద నరం లేచింది. బండి కిర్రుమంది. లేచింది, ఇంకా లేచింది, నిటారుగా అయింది, అవతలి స్టాండు మీదకి మెల్లిగా ఒరిగి నిలబడింది.

ఔరా, పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేరా అనుకున్నాను. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఈ మనిషినా నేను "జాగ్రత్తే, పడతావే" అన్నది? దణ్ణం పెట్టాలనిపించింది.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. తాళం చెవి ఆవిడ చేతిలో పెట్టి, కాసేపు తటపటాయించి, "అమ్మాయ్, ఒక్కసారి వెనక కూర్చోనా?" అన్నాడు.

నలుగురం పట్టుకుని ఎక్కించాం. ఎన్నడూ ఎవరి వెనకా కూర్చోని మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక తడుముకున్నాడు. మిగతావాళ్లంతా తమ బళ్లెక్కి వెనక వరస కట్టారు. వాళ్లలో ముందు పోయే మనిషి ఎడమ చెయ్యి ఎత్తితేనే అందరూ కదలాలి. పెద్దాయన చెయ్యి అలవాటుగా లేచింది. సగంలో గుర్తొచ్చి దించేసుకున్నాడు.

మా ఆవిడ అద్దంలో చూసింది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచుకుని అంది:

"ఎత్తు బాబాయ్. నువ్వెత్తకపోతే నేను కదలను."

ఆయన ఎత్తాడు. బండి చప్పుడు లేకుండా కదిలింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.