మమత గది తాళం

ఆరేళ్లుగా ఒక అమ్మాయి నాకు థాంక్స్ చెబుతూనే ఉంది. ఎక్కడ కనబడినా చెబుతుంది. విన్న ప్రతిసారీ నాకు రెండు రోజులు అన్నం సయించదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆ అమ్మాయి పేరు మార్చాను. మమత అనుకోండి.

ఆర్మూరులో పసుపు కొనే దుకాణాల్లో ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేయడం నా పని. పసుపు అమ్మకానికి రావడం మొదలైతే ఊపిరాడదు. అంతవరకు ఖాళీ. ఆ ఖాళీలోనే, తాళంచెవి లేకుండా తాళం తెరిచే వీడియోలు ఫోన్లో చూడటం అలవాటైంది. దొంగతనం కోసం కాదు, సరదాకే. చాలామంది దీన్ని ఆటలాగా ఆడతారు. లోపలి పిన్నులు ఒక్కొక్కటే చేతికి తెలుస్తూ, చివరికి తాళం దానంతటదే ఊడివస్తుంటే చూడటం నాకు బాగుండేది.

పరికరాల సెట్టు కొనడానికి నెల రోజులు ఆలోచించాను. ఫోన్లో అలాంటివాళ్ల గ్రూపు ఒకటుంటే అందులో అడిగాను. ఎవరో పెద్దాయన ఓపికగా రాశాడు. మొదటిసారి అయితే నాలుగైదు ముక్కలు చాలు, ఉక్కు మాత్రం మంచిదై ఉండాలి, చవక ఉక్కు లోపల విరుగుతుంది అన్నాడు. ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు. పరాయి తాళం ముట్టుకోవద్దు. వాడకంలో ఉన్న తాళం మీద ఎప్పుడూ నేర్చుకోవద్దు.

నేను ముప్పై రెండు ముక్కల సెట్టు కొన్నాను. అదే ధరకు మంచి ఉక్కుతో ఐదు ముక్కలదీ ఉంది. ముప్పై రెండు ఎక్కువ కదా అనిపించింది. అంతే.

దాంతోపాటు నేర్చుకోవడానికి వచ్చిన, లోపలి పిన్నులు కనబడే గాజులాంటి తాళం గంటలో తెరిచాను. పాత సామాన్ల దుకాణంలో కొన్న మూడు తాళాలు వారంలో తెరిచాను. ఇక తెరవడానికేమీ లేదు. మాకు బాబాయి వరసయ్యే గంగారాం కాక తన ఇంట్లో వెనకవైపు రెండు గదులు అద్దెకు ఇచ్చాడు. ఒకటి నాది. ఎదుటిది మమతది. భీమ్‌గల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, సర్కారు కొలువు పరీక్షకు చదువుకుంటోంది. ఆ శనివారం ఆమె ఊళ్లో ఉంది. పసుపు ఉడకబెట్టే రోజులు, అమ్మకు చేతి సాయం కావాలని వెళ్లింది. మధ్యాహ్నం నా గుమ్మంలో కూర్చుంటే, కళ్లెదురుగా ఆమె తాళం.

లోపల ఏముందో చూడాలని కాదు. ఆ గదిలో నాకేం పని? తెరుచుకుంటుందా లేదా, అదొక్కటే. రెండు నిమిషాలైందో లేదో, పరికరం కొన విరిగి లోపలే ఉండిపోయింది. అరగంట తంటాలు పడ్డాను. రాలేదు.

ఆమెకు ఫోన్ చేసి ఉండవచ్చు. కాకకు చెప్పి తాళం కోసి, కొత్తది వేసి ఉండవచ్చు. పరాయి ఆడపిల్ల గది తాళం ఎందుకు ముట్టుకున్నావంటే ఏం చెప్పాలి? లోపలికి వెళ్లి పడుకున్నాను. ఆదివారం పరీక్ష అన్న సంగతి మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. గురువారం తనే చెప్పింది. హాల్ టికెట్ వెంట తీసుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను.

తీసుకుపోలేదు. ఆదివారం ఎనిమిదింటికి మొదటి బస్సు దిగి వచ్చింది. తాళంచెవి దూర్చడం, తీయడం, మళ్లీ దూర్చడం నాకు లోపలికి వినబడింది. మంచం మీదే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. తలుపు తట్టాక బయటికొచ్చాను.

హాల్ టికెట్టు, గుర్తింపు కార్డు లోపల ఉన్నాయంది. కాక వచ్చి కోసెయ్యమన్నాడు. రంపం నా పెట్టెలోనే ఉంది. కోస్తే ఐదు నిమిషాలు. కోసిన తాళం వాళ్ల చేతికి వెళుతుంది, లోపల మెరిసే ముక్క ఎవరో ఒకరు చూస్తారు. ఆ ఆలోచన నాకు స్పష్టంగా వచ్చింది. కంగారులో చేశానని అనలేను. తాళం ఖరాబవుతుంది, నేను తీస్తానని చెప్పి సన్న పట్టకారు పట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాలు. ముక్క వచ్చింది, పిడికిలి మూశాను. అప్పుడు తాళంచెవి తిరిగింది.

నిజామాబాద్‌లో పరీక్ష సెంటరు దాకా నా బండి మీదే తీసుకెళ్లాను. మాక్లూర్ దాటాక వెనక నుంచి టైము చెబుతూ ఉంది. తర్వాత చెప్పడం మానేసింది. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. మేము చేరేసరికి నాలుగు నిమిషాలు దాటింది. లోనికి పోనియ్యలేదు. ఆమె ఒక్కసారే బతిమాలింది.

తిరుగుదారిలో మాక్లూర్లో చాయ్ దగ్గర ఆగాం. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

“నాదే తప్పన్నా,” అంది. “అగ్గువకు వస్తుందని గా తాళం కొన్న. జర మంచిది కొంటే గిట్ల కాకపోతుండె.”

నేను రోడ్డు వైపు చూశాను.

“అవును చెల్లె. ఇంకోసారి మంచిది కొనుక్కో.”

“నువ్వైతే మస్తు కష్టపడ్డవ్. మా సొంత అన్న కూడా గింత చెయ్యకపోవు.”

ముక్క విరగడం పొరపాటు అనుకుందాం. నలభై నిమిషాలు భయం అనుకుందాం. ఆ ‘అవును’ ఏమిటి? అప్పుడు నన్నెవరూ అడగలేదు, అనుమానించలేదు. మౌనంగా ఉన్నా సరిపోయేది.

ఆ నెలాఖరుకు గది ఖాళీ చేసింది. అలాంటి పరీక్ష మళ్లీ పడటానికి ఏళ్లు పట్టింది, అప్పటికి పుస్తకాలు వదిలేసింది. ఇప్పుడు భీమ్‌గల్‌లో మందుల దుకాణంలో పనిచేస్తోంది. రాసినా కొలువు వచ్చేదో లేదో అని ఒక్కోసారి నాకు నేను సర్దిచెప్పుకుంటాను. వచ్చేదో లేదో తెలుసుకునే వీలు కూడా ఆమెకు లేకుండా చేశానని వెంటనే తడుతుంది.

పోయిన నెల కాంటా పని మీద అటు వెళ్లాను. చెప్పేద్దామనే దుకాణంలోకి వెళ్లాను. పరీక్ష రోజు తన కోసం బండి ఉరికించిన అన్న ఇతనే అని ఆమె యజమానికి చూపించింది. ఆయన నాకు కుర్చీ వేయించాడు. కూర్చున్నాను. తలనొప్పి మాత్రలు కొనుక్కుని వచ్చేశాను.

ఆమె తాళం పాడుచేసింది నేను. అది బయటపడకూడదని ఆమె పరీక్ష పోగొట్టాను, తర్వాత తప్పు ఆమెదేనని ఒప్పుకున్నాను. ఇది ఆమెకు చెబుతానని మీకు మాటివ్వలేను, అంత ధైర్యం నాకుందో లేదో తెలియదు. ఆరేళ్లు ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇవాళ్టికి ఇద్దరమయ్యాం.