వెచ్చదనానికి తొమ్మిది పుంజులు

లాండ్రీలో ఆమె బల్ల అన్నిటికంటే లోపల, కిటికీ పక్కన ఉంటుంది. ముందు గదిలో బట్టలు తీసుకుని చీటీ రాసేవాళ్ళు, నడవాలో మిషన్లు తిప్పేవాళ్ళు, వెనక ఇస్త్రీవాళ్ళు. మిషన్ చేతులెత్తేసిన బట్ట ఏదైనా చివరికి ఆమె బల్ల మీదికే వస్తుంది. సిరా, తుప్పు, గ్రీజు, రక్తం, ఏదైనా సరే. ఇరవయ్యారేళ్ళుగా అదే పని కాబట్టి వీధిలో అందరికీ ఆమె మరకలక్క. ఎవరితో మాట్లాడుతున్నా మొహం కాకుండా కాలరు చూస్తుందని ఆమె మీద ఒక ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు నిజమే. ఒకసారి బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి జేబు మీద పెన్ను మరక చూసి, చేతిసంచీలోంచి సీసా తీసి పనిలోకి దిగిపోయింది. పాపం ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయింది. మరక మాత్రం పోయింది.

ఇంట్లో ఆమెకు ఇద్దరు మగవాళ్ళు. ఒకరు భర్త, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. రెండోవాడు పెరట్లో ఉండే పుంజు, పేరు పెద్దాయన. ఇద్దరిలో ఎవరి మాట ఎక్కువ చెల్లుతుందన్న ప్రసక్తి భర్తకు నచ్చదు.

పెద్దాయన పాతజాతి. బూడిదరంగు ఒళ్ళు, కాళ్ళకు వేళ్ళదాకా ఈకలు. గుడ్లు తక్కువ, మాంసం తక్కువ, తిండి మాత్రం ఎక్కువ కావడంతో ఫారాలవాళ్ళు ఈ జాతిని ఎప్పుడో వదిలించుకున్నారు. మరకలక్క వాళ్ళమ్మ మాత్రం వదల్లేదు. సాక్సుల కోళ్ళని పేరు పెట్టుకుని, కొడుకు ఇంటి పెరట్లో, ఒక పొదుగు తర్వాత ఇంకో పొదుగు వేయిస్తూ, పోయేదాకా వాటిని సాకింది. ఆవిడ పోయిన వారానికే కొడుకు కోళ్ళన్నిటినీ ఒక వ్యాపారికి అమ్మేశాడు. చెల్లెలికి మాట మాత్రంగానైనా చెప్పలేదు. ఆమె మేత సంచీ పట్టుకుని వెళ్ళేసరికి గూడు కడిగి ఆరబెట్టి ఉంది. సంచీ అక్కడే పడేసి వెనక్కి తిరిగిన మనిషి, నాలుగేళ్ళయినా ఆ గుమ్మం తొక్కలేదు. రెండు ఇళ్ళకూ మధ్య ఉన్నవి రెండంటే రెండు వీధులు.

ఆ రోజుల్లో పెద్దాయన కాలు బెణికి, కట్టు కట్టించుకుని ఈమె ఇంట్లో ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. ఇప్పుడు ఆరేళ్ళవాడు. అమ్మ కోళ్ళ సంతతిలో మిగిలింది అతనొక్కడే. ఈ ఏడాది దాటితే జతకు పెట్ట దొరికినా ప్రయోజనం ఉండదని పశువుల డాక్టరు తేల్చి చెప్పాడు. అమ్మవి అంటూ ఆమె దగ్గర ఉన్నవి ఒక దువ్వెన, ఈ పుంజు. దువ్వెన ఎలాగూ పిల్లల్ని పెట్టదు.

ఆ జాతిని ఇంకా పెంచుతున్న మనిషి ఎక్కడో దూరాన ఒక్కడున్నాడని డాక్టరే నంబరు ఇచ్చాడు. ఆమె ఫోను చేసింది.

"ఒక్క పెట్టపిల్ల కావాలండీ."

"ఒక్కదాన్ని పంపనమ్మా. దారిలో చలికి పోతుంది. పెట్టెకి పదికి తక్కువ సర్దను."

"పది పెట్టలు కొనే తాహతు మాకెక్కడిదండీ?"

"పది కొనమని ఎవరన్నారు? పెట్ట ఒక్కదానికే డబ్బివ్వండి. మిగతా తొమ్మిదీ పుంజుపిల్లల్ని వేస్తా. ఊరికేనే. వెచ్చదనానికి."

"పుంజులు ఊరికే ఇస్తారా?"

"మీరు వద్దంటే వాటిని ఏం చేయాలో నాకూ తెలీదమ్మా."

కుడివైపు రెండు దవడపళ్ళకు తొడుగులు వేయించుకోవాలని ఆమె కొంత డబ్బు దాచుకుని ఉంది. ఆ తొడుగుల కోసమే ఏడాదిగా అన్నం ఎడమవైపు నములుతోంది. ఇప్పుడు లెక్కలన్నీ పళ్ళలోకి మారాయి. పెట్టపిల్ల ధర పావు పన్ను. గాలి ఆడే పెట్టె, అడుగున పరిచే గడ్డి, జబ్బుల్లేవని డాక్టరు సంతకం, అన్నీ కలిపి ఇంకో పావు. బండి కిరాయి నిండు పన్ను. ప్రాణాలతో చేరకపోతే డబ్బు వాపసు అనే పూచీకి అర పన్ను. ఊరికే వచ్చే తొమ్మిది పుంజుల మేతకు ఎంతవుతుందో అప్పటికి ఎవరూ అడగలేదు.

"కోడికంటే కోడి ప్రయాణం ఖరీదా?" అన్నాడు భర్త. "నేను ఇన్నేళ్ళు నీళ్ళు మోసి ఏం లాభం? కోళ్ళు మోయాల్సింది."

ఆమె కుడి దవడ పట్టుకుని డబ్బు కట్టేసింది.

పార్సిలు వచ్చిన రోజు భర్తే వెళ్ళి విడిపించి, పెట్టెను తిన్నగా లాండ్రీకి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ట్యాంకరు గేటుకి అడ్డంగా ఉందని బయట ఎవరో అరుస్తుంటే, "ఇప్పుడే వస్తా" అని పరిగెత్తాడు. ఆమె మూత తీసింది. పదీ ఉన్నాయి. పదీ బతికే ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి దూరుతూ, కాళ్ళకు బుల్లి బుల్లి ఈకలతో. ఇస్త్రీ ఆయన కూడా ఇస్త్రీపెట్టె దించి వచ్చి తొంగిచూశాడు. మరకలక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ ఉండి చూస్తే ఎంత బావుండేదో అనుకుంది. అనుకుంటూ ఉండగానే ఒక పిల్ల నెత్తిన ఊదారంగు మరక కనిపించింది.

ఇక చెయ్యి ఊరుకుంటుందా? పిల్లను అరచేతిలోకి తీసుకుని, గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి, పసికందు మొహం తుడిచినంత మెల్లగా తుడిచింది. రంగు మొండిది. ఇంకో సీసా తీసింది. పొడిగుడ్డతో అద్ది, నోటితో ఊది ఆరబెట్టి, పిల్లను మిగతావాటిలో వదిలేసింది. అది తక్కిన తొమ్మిదింటి కిందా దూరిపోయింది.

భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "చెప్పడం మరిచా. ఆయన పొద్దున ఫోను చేశాడు. నెత్తిన ఊదారంగు చుక్క ఉన్నదే పెట్టట."

"ఏ చుక్క?" అంది ఆమె.

అడగ్గానే ఆమెకే అర్థమైంది. ఇస్త్రీ ఆయనకు కూడా అర్థమై, చడీచప్పుడు లేకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆమె పది పిల్లల్నీ ఒక్కొక్కటిగా తీసి, దీపం కింద తిప్పి తిప్పి చూసింది. మరక తీస్తే ఆనవాలు కూడా మిగల్చదని ఆమెకు పేరు. ఆ రోజూ ఆ పేరు నిలబెట్టుకుంది.

దూరాన ఉన్నాయనకు ఫోను చేసి జరిగింది చెప్పింది. ఇంకో పెట్టను పంపాలంటే ఈ ఏడాదికి అయిపోయాయన్నాడు. ఆమెకు పళ్ళూ అయిపోయాయి. "ఈ జాతి ఎదుగుదల నిదానమమ్మా. తురాయి చూసి పోల్చలేరు. కూసేదాకా ఆగండి. కూయనిదే పెట్ట" అని పెట్టేశాడు.

ఆగడానికి ఆమె సిద్ధమే. పైవాటాలో ఉండే ఇంటావిడ సిద్ధంగా లేదు. పిల్లలు పావురాలంత అయ్యేసరికి ఆవిడ మెట్ల మీద నిలబడి, "నాలుగు దాటితే దాన్ని ఇల్లనరు, ఫారం అంటారు. ఫారానికి అద్దె వేరు" అంది. పెద్దాయన పోను ముగ్గురికే చోటు. ఏడింటిని ఎక్కడో దాచాలి. ఏది పెట్టో తెలియకుండా ఎవరి చేతిలో పెట్టినా గుండెల్లో రాయి పడ్డట్టే.

చివరికి ఆమే ఒక ఒప్పందం కట్టింది. పిల్లను ఊరికే ఇస్తుంది. కూసిందంటే అది వాళ్ళది, పెంచుకున్నా కోసుకున్నా వాళ్ళిష్టం. కూయకపోతే తెచ్చి ఇవ్వాలి, బదులుగా కూసే పుంజులు రెండు పట్టుకెళ్ళొచ్చు. మంగలి ఒకటి తీసుకున్నాడు. బేకరీ ఆవిడ ఒకటి, ట్యూషన్ టీచరు ఒకటి, ఇస్త్రీ ఆయన ఒకటి, పక్కింటి రిటైర్డు గుమస్తా ఒకటి. ఫారం అన్న ఇంటావిడ కూడా ఒకటి తీసుకుంది. ఏడోదాన్ని భర్త పట్టుకెళ్ళి, డిపో దగ్గర తెలిసినాయనకి ఇచ్చానన్నాడు.

ఇక వీధికి తెల్లవారుజాములు కొత్తగా మొదలయ్యాయి. ముందు ఇంట్లో ఉన్నవాటిలో ఒకటి గొంతు పట్టేసిన ముసలాడిలా కూసింది. తర్వాత రెండోది, మూడోది. ఆమె మొహం వాడిపోయింది. మంగలిది కూసింది. ఆదివారం మధ్యాహ్నానికల్లా దాని సంగతి తేలిపోయింది. బేకరీది కూసింది, టీచరుది పాఠం మధ్యలో కూసింది. గుమస్తా తన కోడి పక్కవాటిని చూసి నేర్చుకుంటుందని గంప మీద రగ్గు కప్పి, చప్పుడు వినపడకుండా రేడియో పెట్టాడు. రెండు పుంజుల మీద ఆయనకు ఆశ పెద్దది. రగ్గు కిందే అది కూసింది. ఆయన రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ ఆయనదీ ఇంటావిడదీ ఒకే పొద్దున కూశాయి. అంటే తొమ్మిది.

"డిపో దగ్గరాయనది?" అని అడిగింది మరకలక్క.

భర్త చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"కూయట్లేదట" అన్నాడు. "గొంతు బాలేదేమోనని మిరియాల నీళ్ళు పోస్తున్నాడట. ఆయన... డిపో దగ్గరాయన కాదు. మీ అన్నయ్య."

ఈ మనిషి నాలుగేళ్ళుగా బావతో టీ తాగి వస్తున్నాడని ఆమెకు తెలుసు. చొక్కా మీద పడ్డ చుక్కలు ఆమెకు తెలియకుండా ఎక్కడికి పోతాయి? కానీ ఇది టీ కాదు.

"మా అమ్మ కోళ్ళని అమ్ముకున్న మనిషి చేతిలో పెట్టారా? వెళ్ళండి. వెళ్ళి తీసుకురండి."

"అడిగాను. నాకివ్వడట. నువ్వే రావాలట."

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె రెండు వీధులూ నడిచింది. అడుగడుక్కీ ఒకటే భయం. అమ్మేసి ఉంటాడు, లేకపోతే కోసేసి ఉంటాడు, అది దక్కకపోతే పెద్దాయనతోనే అమ్మ కోళ్ళ కథ ముగిసిపోతుంది. అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. వరండాలో బల్ల ముందు కూర్చుని ఆకురాయితో ఏదో అరగదీస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. లేవలేదు, రమ్మనలేదు. పెరటివైపు గడ్డం ఎత్తి చూపించాడు.

బూడిదరంగు పెట్ట, కాళ్ళ నిండా ఈకలతో, మట్టి గీరుకుంటోంది. నున్నగా, నిండుగా ఉంది. ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"దీనికి మిరియాల నీళ్ళు పోశావా?"

"పిచ్చిదానా. నెల కిందే పోల్చుకున్నా పెట్టని, అమ్మతో ఇన్నేళ్ళు వీటిని చూసినవాణ్ణి. ఏదో ఒకటి చెప్పి పంపితే నువ్వొస్తావని."

"దీన్నీ అమ్మేశావనుకున్నా."

అన్నయ్య ఆకురాయి కింద పెట్టాడు. "అప్పుడెందుకు అమ్మానో ఒక్కసారైనా అడిగావటే?"

"అడిగేదేముంది? డబ్బుకి."

"ఆ డబ్బుకి ఒక తాళంకప్ప కూడా రాదు." కాసేపు వేళ్ళకంటిన నూనె చూసుకున్నాడు. "అమ్మ రోజూ ఈ వేళకి వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచేది కదా. అమ్మ పోయాక కూడా వచ్చేవే. అన్నీ వచ్చి గుమ్మం ముందు నిలబడేవి. నేను మేత వేస్తే ముట్టేవి కాదు. లోపలికి చూస్తూ ఉండేవి. వారం రోజులు చూశా. వాటికి ఎలా చెప్పాలో తెలియలేదే నాకు."

నాలుగేళ్ళ కోపం ఆమెకు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చింది. అన్నయ్య లేచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి గట్టు మీద పెట్టి, మళ్ళీ బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు.

పెట్ట ఈ చోటుకు అలవాటు పడింది. ఇప్పుడు కదిలిస్తే బెదిరి గుడ్లకు రావడం ఆలస్యమవుతుంది, పెద్దాయనకు అంత వ్యవధి లేదు. "రేపు పొద్దున పెద్దాయన్నే ఇక్కడికి తెస్తా" అంది, మొహం కడుక్కుని.

"తే" అన్నాడు అన్నయ్య.

పొద్దు వాలుతోంది. ఆమె లోపలికి వెళ్ళి డబ్బాలోంచి గుప్పెడు నూకలు తీసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి, అచ్చం అమ్మ పిలిచినట్టే పిలిచింది. ఈ పెట్టకు ఆ పిలుపు తెలియదు, మట్టి గీరుకుంటూనే ఉంది. వరండాలో అన్నయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు.