కంపైలర్‌కు తెలియని పెద్దమనిషి

తొంభైల చివర్లో నిజామాబాద్‌లో నేను కంప్యూటర్ నేర్చుకున్న చోట చెప్పులు బయటే విడవాలి. మా సారు హైదరాబాద్‌లో ఏదో కోర్సు సగం చదివి వచ్చి, బోర్డు మీద తన పేరు ముందు ‘ప్రొఫెసర్’ అని రాయించుకున్నాడు. ప్రోగ్రాం నడవకపోతే వోల్టేజీ తక్కువైందనేవాడు. నడిస్తే తానే నడిపించాననేవాడు.

బోధన్ వైపు చెరుకు రైతుల సంఘం అధ్యక్షుడొకాయన సారుకు ఒక పని అప్పగించాడు. ఎవరు ఎప్పుడు చెరుకు నాటారో చూసి, ఎవరి కోత ముందో కంప్యూటర్ చెప్పాలి. సారు దర్జాగా ఒప్పుకుని దాన్ని నా నెత్తిన పెట్టాడు. రైతుల వివరాలన్నీ ఒక కంప్యూటర్‌లో ఉంటాయి. రెండోదాని నుంచి వాటిని అడిగి తెచ్చుకునే ప్రోగ్రాం నేను రాశాను.

చూపించే రోజు అధ్యక్షుడు ఇస్త్రీ బట్టల్లో, సంఘంలోని ఇద్దరు రైతులను వెంటేసుకుని వచ్చాడు. నేను నల్ల తెర మీద కమాండ్ కొట్టి కంపైల్ చేశాను, అంటే రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యే భాషలోకి మార్పించాను. తప్పుల్లేకపోతే కంపైలర్ ఏమీ మాట్లాడదు, కర్సర్ మిణుకుమంటూ కూర్చుంటుంది. ఏమీ కాలేదేమని అధ్యక్షుడు అడిగాడు. సారుకూ అదే అనుమానం వచ్చినట్టుంది. నన్ను లేపి తాను కూర్చుని, ప్రోగ్రాంలో ఏదో చెరిపి మళ్ళీ కంపైల్ చేశాడు. తెర నిండా తప్పుల వరసలు జలజలా దిగాయి.

“ఆఁ, గిప్పుడు నడుస్తున్నది,” అన్నాడు అధ్యక్షుడు తృప్తిగా.

సారు కాదనలేదు. లోపల పెద్ద లెక్క జరుగుతోందని చెప్పి వాళ్ళను చాయ్‌కి తీసుకుపోయాడు. ఆలోపు ఆయన చెరిపినవన్నీ తిరిగి రాసి, కంపైల్ చేసి, వర్ని ఊరి రైతు ఒకరి పేరు కొట్టి చూశాను. వివరాలు చక్కగా వచ్చాయి.

తిరిగొచ్చాక అధ్యక్షుడు తన పేరు కొట్టమన్నాడు. అందరికన్నా ఆలస్యంగా నాటాడు గనుక కోత వరసలో చిట్టచివర కనిపించాడు.

“బిడ్డా, మీ మషీన్ల ఏదో తప్పున్నది.”

నాటిన తేదీ ప్రకారమే వస్తుందని చెప్పాను.

“తారీఖుదేమున్నది? పెద్దమనుషులు ముందుండాలె. గా ముచ్చట దానికి జర సమజయ్యేటట్టు చెప్పు.”

రేపటికల్లా చెప్పేస్తామని సారు తలూపాడు. పెద్దమనిషి అంటే ఎవరో ఒక నియమం చెబితే రాస్తానన్నాను నేను. వెంట వచ్చినవాళ్ళలో ఒకాయన వయసన్నాడు. రెండో ఆయన ఎకరాలన్నాడు. వయసు పెడితే మొదటాయన, ఎకరాలు పెడితే రెండో ఆయన ముందుకొస్తున్నారు. అధ్యక్షుడు ఎట్లా పెట్టినా ముందుకు రావడం లేదు. వాళ్ళిద్దరూ మెట్లు దిగేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.

సంఘం మా ప్రోగ్రాం తీసుకోలేదు. కోత వరస చేత్తోనే రాసుకున్నారని, అందులో అధ్యక్షుడి చేనే మొదటిదని తర్వాత విన్నాను. సారు మాత్రం బోధన్ చెరుకంతా మా కంప్యూటర్లే కోస్తున్నాయన్నట్టు కరపత్రాలు అచ్చేయించి బస్టాండులో పంచాడు. కొత్త బ్యాచ్‌లో కుర్చీలు సరిపోలేదు.