అమ్మణ్ణి పనీర్

జగ్గయ్యపేటలో మా పక్కింటి అమ్మణ్ణి పనీర్ అమ్మడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. భర్త పోయాక పెట్టుకున్న పని. పాలు విరగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి, పైన బండ పెడుతుంది. కొన్నవాళ్లందరికీ ఒకటే పాఠం: "చల్లనీళ్లలో మునిగేట్టు పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. నీళ్లు రోజూ మార్చండి. బయట పెట్టారో, పూటలో పులిసిపోద్ది." వినీ వినీ నాకది కంఠతా వచ్చేసింది.

మొన్న ఆదివారం పొద్దున నందిగామ హైవే మీద హోటల్ నడిపే జయదేవ్ ఆమె తలుపు తన్ని లోపలికొచ్చాడు. ముందురోజు అతని హోటల్లో ఈమె దగ్గర కొన్న పనీర్‌తో చేసిన కూర తిన్న పదకొండు మంది వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల బంధువులు వచ్చి హోటల్ అద్దాలూ, ఇతని మూతీ పగలగొట్టారు. ఆ కోపమంతా ఇక్కడికి మోసుకొచ్చాడు.

"విషం అమ్ముతావటే!" అంటూ పాలగిన్నె తన్నాడు. అడ్డమొచ్చిన అమ్మణ్ణిని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. పనీర్ మీది బండ ఎత్తి ఆమె కుడిచేతి మీద వేశాడు. ఆ కేక విని మేం పరిగెత్తేలోపే కారెక్కి పోయాడు. వాడి చెయ్యి పడిపోనూ అని వీధిలో నిలబడి తిట్టాను. ఇప్పటికీ తిడతాను.

ఆసుపత్రికి పోదామంటే ఆమె ఒప్పుకోలేదు.

"నా పనీర్ తిని జనం పడిపోయారంటే రేపు నా దగ్గర ఎవరు కొంటారండీ? ముందు వాడి ఫ్రిజ్ చూడాలి," అంది. విరిగిన చేతిని చీరకొంగుతో కట్టుకుని, నుదుటి మీద నెత్తురు తుడుచుకోకుండానే నా కారెక్కింది.

హోటల్లో ఫ్రిజ్ తెరిస్తే నిండా కోడిమాంసం. వంటమనిషి రత్తయ్యను నిలదీసింది. అతను చెప్పేశాడు.

"శనివారం వేదాద్రి స్వామి దగ్గరికెళ్లేవాళ్లు తింటారమ్మా. నీచు తగలకూడదని శుక్రవారం సాయంత్రమే పనీర్ బయటికి తీయిస్తారు ఓనరుగారు. ఈసారి ఎండలు ముదిరినాయి. పొద్దున్నే వాసనొస్తందని చెప్పా. మసాలా దట్టించమన్నారు."

కౌంటర్ దగ్గర నిలబడి వింటున్న జయదేవ్ అట్లకాడ ఎత్తి రత్తయ్య మీదికి వచ్చాడు. అమ్మణ్ణి మధ్యలోకి వెళ్లి ఎడమచేత్తో అతని చెంప ఛెళ్లుమనిపించింది. అతను కౌంటర్‌కి తగిలి కిందపడ్డాడు. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. గాజుపెంకులు ఊడుస్తున్న పనివాళ్లు ఆగిపోయారు. నా కడుపు చల్లబడింది.

"ఇది నా పనీర్‌కి. చేతి సంగతి స్టేషన్‌లో తేల్చుకుందాం," అంది. "రత్తయ్యా, ఇప్పుడు చెప్పిందే అక్కడా చెప్తావా?"

రత్తయ్య కిందపడ్డ యజమానిని ఒకసారి చూశాడు. భుజం మీది మసిగుడ్డ తీసి కౌంటర్ మీద పడేసి, ఆమె వెనకే నడిచాడు.