ఎడమకు తిరిగిన తీగ

2023, ఎండలు ఇంకా ముదరని రోజులు. గద్వాలలో బస్టాండు వెనక సందులో ఉన్న నా మెకానిక్ షెడ్డు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో తాళ్ళతో కట్టేసిన మోటారు సైకిలు, దాన్ని పట్టుకొని కూర్చున్న ఒక ఆడమనిషి. ఆమె ఎడమచేతి వేళ్ళు మడత పడకుండా పుల్లల్లా నిక్కి ఉన్నాయి.

అసలు సంగతికి ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను బడికి పోలేదు. స్పేరు పార్టులు చుట్టి వచ్చే పేపరు ముక్కల మీద తెలుగు నేర్చుకున్నాను, కంపెనీవాళ్ళ పార్ట్స్ కేటలాగు మీద ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. ‘చదువురాని మిస్త్రీ’ అని ఎవడైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకసారి విప్పిన బండిని ముప్పై ఏళ్ళ తర్వాతైనా గుర్తుపడతానని పదిమందిలో చెప్పుకునేవాణ్ణి. పోతే, నాది ఎడమచేతి వాటం. మా ఉస్తాద్ పానాతో వేళ్ళ మీద కొట్టినా అది మారలేదు.

ఆటోలో ఉన్న బండినీ గుర్తుపట్టాను. ఇప్పుడు ఎవరూ తయారు చేయని పాత రెండు స్ట్రోకుల బండి. పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి, కిక్కు కొట్టి లేపాలి. దానికి రెండుసార్లు పిస్టన్ మార్చింది నేనే.

“ఇది తిమ్మప్ప బండి గదా?” అన్నాను.

“ఔ చాచా. నేను ఆయన అక్కను, జములమ్మను. నన్ను ఉప్పునుంతలకిచ్చిన్రు.”

ఆమె చెప్పింది ఇదీ. అంతకుముందు వానాకాలంలో సీడు పత్తి చేలో క్రాసింగ్ పనికి, అంటే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్దే పనికి, తమ్ముడికి మనుషులు దొరకలేదు. అక్కను తీసుకుపోవడానికి ఉప్పునుంతల వెళ్ళాడు. ఇద్దరూ పొద్దున్నే బయల్దేరి నాగర్‌కర్నూలు, వనపర్తి మీదుగా వచ్చి, కృష్ణ వంతెన దాటి, మధ్యాహ్నానికి బీచుపల్లి చేరారు. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుందామని హైవే దిగి గుడివైపు తిరిగేచోట పడ్డారు. ఆమె మణికట్టు నుజ్జయింది. తిమ్మప్పకు భుజం దగ్గరి ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది. ఆ పూట ఏం జరిగిందో అతనికి ఒక్క ముక్క జ్ఞాపకం లేదు.

“ఊరోళ్ళు నిద్రపోయిండన్నరు. కొందరు తాగిండన్నరు. ఇని ఇని వాడే నమ్మిండు చాచా. ‘నేనే కన్ను మూసిన, నీ చెయ్యి నేనే ఇరగ్గొట్టిన’ అంటడు. ఆరు నెలలాయె, బండి ముట్టడు. ఇంకొకని బండి మీద గూడ ఎక్కడు. చేనుకు నడిచే పోతడు. నా మొకం సూడడు.”

“నువ్వేమంటవు?”

“చక్రం ముందుగాల ఆగింది, బండి తర్వాత పడ్డది. గుడికాడికి తిప్పరా అన్న, సరే అక్కా అన్నడు. నిద్రల ఉన్నోడు సరే అంటడా? దవాఖానల చెప్పిన, మా ఆయనకు చెప్పిన. దెబ్బ తగిలితే గట్లనే అనిపిస్తదన్నరు. ఎనక కూసున్నదాని మాట ఎవరింటరు?”

“మరి బండినేం చేద్దామని తెచ్చినవు?”

“పాత ఇనుపోనికి ఇయ్యమన్నరు అందరు. ఇస్తే తప్పు వానిదేనని ఒప్పుకున్నట్టే గదా. దీని కడుపుల ఏమున్నదో సూడు. సూసినంక తయారు చేయ్. మళ్ల నేను దీని మీదనే కూసోవాలె. ఇగో చాచా, కాంచలావ్ వద్దు, పక్కాగ కావాలె.”

కాంచలావ్ అంటే ఈ పూటకు పని నడవనీ అని. ఉర్దూ నుంచి వచ్చిన మాట, మా పాలమూరులో అందరి నోళ్ళలో నలుగుతుంది. నా షెడ్డులో రోజుకు పదిసార్లు వినిపించేది.

నాకు కోపం వచ్చింది. బండి పడితే నడిపినవాణ్ణి తిట్టడం అందరికీ తెలుసు, బండిని అడుగుదామన్న ఆలోచన మాత్రం ఎవడికీ రాదు. ఇప్పటి కుర్ర మెకానిక్కులకైతే పాతది పీకి కొత్తది బిగించడం తప్ప, ఎందుకు పోయిందని చూసే ఓపికే లేదు. ఆమె మాట నిజమో కాదో తేల్చాలని కూర్చున్నాను.

మరునాడు విప్పడం మొదలుపెట్టాను. ముందు ఫోర్కు వంగింది, ముందు రిమ్ము వంకర్లు పోయింది, హ్యాండిలు ట్యాంకులోకి దిగబడింది. ఇవన్నీ పడ్డాక అయిన దెబ్బలు. నాకు కావలసింది పడకముందు అయినది. వెనక చక్రం దగ్గర ఆగాను. బ్రేకు రాడ్డు, అంటే పెడలు నుంచి వెనక బ్రేకుకు పోయే సన్నటి ఊచ, చక్రం నడిమి హబ్బు చుట్టూ తిరిగి చేతికర్ర పిడిలా వంగి ఉంది. పడితే ఊచ వంగుతుంది గానీ అట్లా చుట్టుకోదు.

ఇక్కడ కొంచెం విడమరచి చెప్పాలి. వెనక చక్రం డ్రమ్ములో బ్రేకు షూలను మోసే గుండ్రటి మూతను బ్రేకు ప్లేటు అంటారు. బ్రేకు తొక్కితే చక్రంతోపాటు ఆ ప్లేటు కూడా తిరిగిపోవాలని చూస్తుంది. దాన్ని తిరగనీయకుండా పట్టి ఉంచే ఇనుప పట్టీని టార్క్ ఆర్మ్ అంటారు. ఈ బండిలో ఆ పట్టీ ప్లేటు నుంచి ఊడి వేలాడుతోంది. బోల్టు ప్లేటులోనే ఉంది, దాని మీది మరలు చెక్కుచెదరలేదు, నట్టు మాత్రం లేదు. అంటే పడినప్పుడు విరగలేదు, ముందే కొద్దికొద్దిగా వదులై జారిపోయింది. ఆ తర్వాత బ్రేకు తొక్కగానే ప్లేటు తిరిగింది, రాడ్డును చుట్టుకుంది, చక్రం బిగుసుకుపోయింది.

జములమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పైగా ఇంకో సంగతి తేలింది. బ్రేకు తొక్కనిదే ఆ ప్లేటు తిరగదు. తొక్కాడంటే మేలుకునే ఉన్నాడు.

సంతోషం ఒక నిమిషం, కోపం ఒక గంట. ఆ నట్టు ఊడకుండా బోల్టు కొసన అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. అందులో అగ్గిపుల్లలో సగమైనా లేని ఇనుప పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ చెరోవైపు వంచాలి. స్ప్లిట్ పిన్ను అంటారు. ఇందులో అది లేదు. దాని బదులు ఎవడో బైండింగ్ వైరు ముక్క దూర్చాడు. తుప్పుపట్టి తెగిపోగా బియ్యపు గింజంత మెలిక మిగిలింది.

ఎవడు వాడు? తిమ్మప్పను పిలిపిస్తే వచ్చాడు గానీ షెడ్డులోకి రాలేదు. ఎదురుగా చాయ్ హోటల్లో బండికి వీపు తిప్పి కూర్చున్నాడు. నేనే పోయి, ఎవడో తేలేదాకా సంగతి చెప్పకుండా, ఆ మధ్య నేను గాక ఇంకెవరైనా బండి విప్పారా అని అడిగాను. ఉప్పునుంతల పోతూ వనపర్తిలో పంచరు వేయించానని ఫోను నంబరు ఇచ్చాడు. షెడ్డులోకి వచ్చి ఫోను చేశాను.

“ఏమయ్యా, స్ప్లిట్ పిన్ను ఏయనీకి చేతులు రాలేదా? నీ అసొంటోళ్ళ వల్లనే మనుషులు సస్తున్నరు!”

“ఎవరు మాట్లాడేది?”

“గద్వాల నుంచి నీ బాపు మాట్లాడుతున్న! వానకాలంల పంచరేసినవు గదా, తిమ్మప్ప పాత కిక్కు బండికి!”

“జర ఊపిరి తీసుకో పెద్దాయనా. గా బండికి పంచరైంది ముందల చక్రం. ఎనకది నేను ముట్టనే లే. ముందల ట్యూబు ఇప్పి సూస్కో, నా ప్యాచు ఉంటది. ఉంటే మళ్ల ఫోన్ చేసి తిట్టినందుకు మాఫీ అడుగు.”

విప్పి చూశాను. ముందు ట్యూబుకు ఒకే ఒక ప్యాచు ఉంది. వెనక ట్యూబు నున్నగా ఉంది.

మళ్ళీ ఆ తీగ ముక్క దగ్గరికి వచ్చాను. కిరసనాయిల్లో కడిగి, కార్బొరేటర్ జెట్టు రంధ్రాలు చూసే భూతద్దం కింద పెట్టాను. కుడిచేతివాళ్ళు తీగను మెలిపెడితే మెలిక కుడికి తిరుగుతుంది. ఇది ఎడమకు తిరిగి ఉంది. తలెత్తి గోడ వైపు చూశాను. మేకులకు తాళం చెవులు వేలాడదీయడానికి నేను కట్టుకున్న తీగలు వరుసగా ఉన్నాయి. అన్నీ ఎడమకే.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు ఎండతో సహా. ప్రమాదానికి ముందటి వేసవిలో అదే బండికి వెనక బ్రేకు షూలు మార్చాను. పిన్నుల డబ్బా ఖాళీగా ఉంది. దుకాణం నాలుగడుగులే, లేవడానికి బద్ధకించాను. “కాంచలావ్ చేసిన తిమ్మప్పా, రేపు రా, పిన్ను ఏస్త” అన్నాను. అతను అడగలేదు ఆ మాట, అన్నది నేను. అతను రేపు రాలేదు. పిస్టన్ ఎన్నిసార్లు మార్చానో గుర్తున్నవాణ్ణి, ఇది మాత్రం మరిచాను.

కిరసనాయిలు గిన్నె పక్కనే ఉంది. అందులో అట్టడుగున నలభై ఏళ్ళ మడ్డి. వేలు వదిలితే ఆ తీగ అందులో కలిసిపోయేది. పిన్ను ఎవరో వేయలేదని చెబితే తిమ్మప్ప ఎట్లాగూ నిర్దోషే అవుతాడు, ఎవరో అంటే సరిపోతుంది. అబద్ధం కాదని కూడా అనిపించింది. చివరికి ఆ ముక్కను పేపరులో చుట్టి జేబులో పెట్టుకున్నాను. వదిలేస్తే, జములమ్మ మాటను కొట్టిపారేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి అవుతాను.

వనపర్తి ఆయనకు ఫోను చేసి మాఫీ అడిగాను. “తిట్టుడు గట్టిగుండె, మాఫీ జర మెల్లగున్నది” అన్నాడు.

మరునాడు అక్కాతమ్ముళ్ళిద్దరినీ పిలిచాను. తిమ్మప్ప ఈసారి గడపదాకా వచ్చాడు.

“నువ్వు నిద్రపోలే బిడ్డా. ఇగో, ఈ ఊచ చుట్టుకున్నది చూడు. బ్రేకు తొక్కకుంటే ఇది గిట్ల చుట్టుకోదు. పిన్ను లేక నట్టు ఊడింది. పిన్ను ఏయంది నేను.”

అతను నా మాటలో సగమే విన్నట్టున్నాడు. “అంటే బ్రేకు నేను తొక్కిన్నా?”

“తొక్కినవ్. గట్టిగనే తొక్కినవ్.”

“మేలుకోనే ఉన్ననా?”

“మేలుకోనే ఉన్నవ్.”

అతను లోపలికి వచ్చి, బండి పక్కన నేలమీద కూర్చొని, ఆ వంగిన ఊచను పట్టుకున్నాడు. దాన్ని అటూ ఇటూ కదిపి చూస్తూనే ఉన్నాడు.

జములమ్మ మాత్రం నేను జేబులోంచి తీసిన తీగను చూసి నిప్పయింది. “నీ చేతులు పడిపోను చాచా! గింత తీగకు నా చెయ్యి పోయె, మా వాని మానం పోయె!” అని, నాలుక కరుచుకుంది. “వద్దులే. ఆ మాట ఎనక్కి తీస్కుంట. నీ చేతులతోనే నా బండి తయారు కావాలె.” తిమ్మప్ప నవ్వాడు. ఆరు నెలల్లో మొదటిసారి అని ఆమె తర్వాత చెప్పింది.

పని రెండు నెలలు పట్టింది. ఫోర్కు గొట్టాలకు కర్నూలు, రాయచూరు తిరిగాను. రెండు చక్రాలూ ఒక వరుసలో ఉన్నాయో లేదో చూడటానికి దారం లాగి పట్టాలి. పక్కింటి మగ్గం మనిషి చీర పడుగులోంచి గట్టి నూలు ఇచ్చాడు. తిమ్మప్ప రోజూ వచ్చి స్పోకులు బిగించేవాడు.

ఆమెకోసం మార్చినవి వేరే ఉన్నాయి. ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఎడమవైపు వేసి కూర్చుంటారు, ఎడమచెయ్యి వెనక కమ్మీని పట్టుకోవాలి. ఆమె వేళ్ళు మూసుకోవు. అందుకని ముప్పావు అంగుళం పైపును కొడవలిలా వంచి, మోచేతిని దానిలో తగిలించుకునేట్టు వెల్డింగు చేశాను. కాలికింద వెడల్పాటి రేకు బిగించాను. స్టాండు మీద నిలబెట్టి కూర్చోబెడితే ఆమె నన్ను మూడుసార్లు తిప్పలు పెట్టింది.

“ఇంత పైకెందుకు? నేనేమన్న జాతర్ల ఉయ్యాల ఎక్కిన్నా?”

దించాను. “ఇప్పుడు మోచెయ్యి గుంజుతున్నది.” జరిపాను. “ఆఁ, ఇప్పుడు ఇంట్ల మంచం లెక్కుంది.”

బండి లేచిన రోజు ఆమె ఎక్కలేదు. “ముందుగాల నువ్వు కూసో చాచా. బీచుపల్లి కాడ అదే మలుపుల బ్రేకు తొక్కాలె. ఆడి నుంచి మా తల్లిగారి ఊరికి పోయి, నాకు చెప్పిన మాట హోటలు కాడ అందరికి చెప్పాలె. నా మాట ఇనలే, నీ మాటన్న ఇంటరు.”

కొడవలి కమ్మీలో మోచెయ్యి తగిలించుకొని తిమ్మప్ప వెనక కూర్చున్నాను. ఎర్రవల్లి చౌరస్తా దాటాం. బీచుపల్లి మలుపు కనబడగానే అతను వేగం తగ్గించాడు.

“చాచా, తొక్కనా?”

“తొక్కు.”

నేను నా తొడను గట్టిగా పట్టుకున్నాను. చక్రం నెమ్మదించింది, గీత గీసినట్టు నేరుగా పోయి ఆగింది. ఇద్దరం దిగలేదు, కాసేపు ఇంజను అట్లా నడుస్తూనే ఉంది.

వాళ్ళ ఊళ్ళో హోటలు ముందు తీగ ముక్క అరచేతి నుంచి అరచేతికి తిరిగింది. తప్పు నాదని రెండుసార్లు చెప్పాను. మొదటిసారి ఎవరూ నమ్మలేదు. తాగాడని అన్నవాళ్ళలో ఒకాయన “గింత తీగనా?” అన్నాడు. “గింత తీగనే” అన్నాడు తిమ్మప్ప. ఆ వానాకాలం క్రాసింగుకు జములమ్మను ఉప్పునుంతల నుంచి అతనే తెచ్చుకున్నాడు, అదే బండి మీద.

ఇప్పుడు నా షెడ్డులో ఎవరైనా “జర కాంచలావ్ చేసియ్ చాచా” అంటే, “బండి ఈడ్నే ఉండనీ, నువ్వు నడిచి పో” అంటాను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. గుర్తున్న బండ్ల గురించి చెప్పుకొని ఇన్నాళ్ళు బతికాను, ఆ తీగ ముక్క మాత్రం నేను మరిచిన బండ్ల వైపు తిప్పింది నన్ను. చాయ్ హోటలు ముందో, సంతలోనో పాత బండి ఎక్కడ కనబడినా వంగి వెనక చక్రం చూస్తాను. నడుము పట్టేసిందని కొందరు, పైసలు పోగొట్టుకున్నానని కొందరు అనుకుంటారు. ఇప్పటికి పిన్ను బదులు తీగ ఉన్నవి నాలుగు దొరికాయి. నాలుగూ ఎడమకు తిరిగినవే.