ఎదురుగా మనిషి

సిరొంచ బజారులో దర్జీ ఓదెలును ఎరగనివారు లేరు. నాకు జరిగిన సన్మానాలన్నింటికీ నేను తొడుక్కున్న చొక్కాలు ఆయన కుట్టినవే. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, మిషను మీదికి వంగి వంగి అట్లాగే ఉండిపోయిన వీపు. ఎవరి పొరపాటుకైనా నవ్వి ఊరుకునే మనిషి. తన కత్తెర కాస్త పక్కకు పోతే మాత్రం ఆ పూట అన్నం ముట్టడు. ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకుంటాడు. భార్య యాదక్క ఒక్కతే కూర్చుని తింటుంది.

మొన్న శోభారాణి టీచరమ్మ జాకెట్టు చేతులు పొట్టిగా కత్తిరించాడు. "ఎండకాలమే గద ఓదెలన్నా, పొట్టివే నయం" అని నవ్వుతూ ఆమె తీసుకుపోయింది. అయినా ఓదెలు వచ్చి పడుకున్నాడు. యాదక్క కంచం ముందు నుంచే అడిగింది: "నిన్న నేను కూర మాడబెట్టిన. ఏమన్నవు?"

"ఏమంట? గట్లనే మంచిగున్నదన్న."

"నా మీదున్న జాలి జర నీ మీద ఉంటే ఏంబోతది? నువ్వు నీతోని కొట్లాడుతవు. ఇంట్ల ఒక్కదాన్ని అయ్యేది నేను."

ఓదెలు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చేసరికి యాదక్క తినడం అయిపోయింది. ఆయనకు వడ్డించింది. ఇక లేచిపోకుండా అక్కడే కూర్చుంది. ఎదురుగా మనిషి లేకపోతే ముద్ద ఎట్లా దిగుతుందో ఆమెకు తెలుసు.